'అభ్యసన వైకల్యం' అని రాస్తే ఎవరనుకుంటారు?

సందేహం: మాది బొబ్బిలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంరక్షణ కోసం తెలుగులో ఒక ఫారం తయారు చేస్తున్నాం. బ్రిటన్ నమూనాలో ఉన్న 'ప్రొఫౌండ్ అండ్ మల్టిపుల్ లెర్నింగ్ డిజేబిలిటీస్'ని 'తీవ్ర బహుళ అభ్యసన వైకల్యాలు' అని రాశాను. సరేనా మాస్టారూ?

సమాధానం: సమాసం బాగానే కుదిరింది గానీ ఫారంలోకి మాత్రం ఎక్కించకండి. బ్రిటన్‌లో సంరక్షణ సేవల వాళ్లు 'లెర్నింగ్ డిజేబిలిటీ' అంటే అది బుద్ధి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం. మన దగ్గర అదే మాట వింటే డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో ఇబ్బంది, గుర్తొస్తుంది, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కూడా ఈ రెండూ వేరువేరు. మీ ఫారం చదివిన విజయనగరం గుమాస్తా అక్షరాలు తారుమారు చేసే ఏడో తరగతి పిల్లాణ్ణి ఊహించుకుంటాడు. మీరు చెప్పేదేమో మెడ నిలపలేని, ముద్ద మింగడమే కష్టమైన, మాట రాక చూపుతోనో మూలుగుతోనో ఇష్టాయిష్టాలు తెలిపే గుంటడి గురించాయె.

ఇక 'తీవ్ర'. బుద్ధి వైకల్యానికి స్వల్ప, మధ్యస్థ, తీవ్ర, అతి తీవ్ర అని నాలుగు మెట్లు. సివియర్‌కి 'తీవ్ర' ఇచ్చేశాక ప్రొఫౌండ్‌కి 'అతి తీవ్ర' అనక తప్పదు. నిఘంటువు చూసి 'గాఢ' అనకండి, ఆ మాట నిద్రకే బాగుంటుంది. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో తీవ్రమైతే 90 శాతం, అతి తీవ్రమైతే 100 శాతం వైకల్యంగా లెక్కగట్టారు, కాబట్టి ఒక్క 'అతి' పోతే సర్టిఫికెట్ లెక్కే మారుతుంది.

అసలు చిక్కు 'బహుళ' దగ్గర. మీ సమాసంలో అది అభ్యసన వైకల్యాలకు విశేషణమై కూర్చుంది, అవే నాలుగైదు ఉన్నట్టు. ఉద్దేశం అది కాదు. బుద్ధి వైకల్యం ఒకటే, దానికి తోడు చూపు, వినికిడి, కాళ్లూ చేతుల కదలికల్లో ఇబ్బందులు, చాలామందికి ఫిట్స్ కూడా.

అందుకని 'అతి తీవ్ర బుద్ధి వైకల్యం, దానితో పాటు ఇతర వైకల్యాలు' అని విడదీసి రాయండి, సమాసం చేయనంత మాత్రాన తెలుగు చిన్నబోదు. 'మేధో వైకల్యం' అన్నా సరే. 'మానసిక వైకల్యం' వద్దు, మానసిక జబ్బుతో కలిపేస్తారు. 'మందబుద్ధి' అసలే వద్దు, తల్లి చేత్తో నింపాల్సిన ఫారం అది.

సేవల కోసమైతే పేరొక్కటే చాలదు. దాని కిందే తినిపించడానికి, పక్క మార్చడానికి, స్నానానికి ఎవరు కావాలి, ఫిట్స్ వస్తే ఏ మందు, ఆకలైతే ఎలా తెలుపుతాడు అని రాసుకోడానికి ఖాళీలు వదలండి. 'ఆహార స్వీకరణలో సహాయము ఆవశ్యకమా' అని కాకుండా 'ఎవరైనా తినిపించాలా?' అని అడిగితే రాజాంలోనైనా పలాసలోనైనా ఇంకొకరిని అడక్కుండా నింపేస్తారు.