పక్క దేశం వరద లెక్కలు ఇస్తే సరిపోతుందా?

సరిపోదు, కానీ మొదలు అక్కడే. చెన్నైలో ఉండే మనకు తెలుసుగా, ఆంధ్రలోని పిచ్చాటూరులో అరణియార్ డ్యామ్ గేట్లు ఎత్తితే, దిగువన తమిళనాడులో ఉన్న ఊత్తుకోట్టైకి ముందే కబురు అందాలి. దేశాల మధ్యా అంతే. వానాకాలంలో బ్రహ్మపుత్ర నీటిమట్టాలు చైనా మనకు ఇచ్చేలా 2002లో ఒప్పందం కుదిరింది. డోక్లాం దగ్గర భారత్, చైనా సైన్యాల మధ్య టెన్షన్ నడిచిన 2017లో ఆ లెక్కలు రాలేదు. అస్సాంలో ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది పెద్ద అన్యాయం.

నేపాల్ నుంచి బీహార్‌లోకి వచ్చే కోసీ నది కథ వేరు. 1954 ఒప్పందం ప్రకారం బ్యారేజీ, గట్ల నిర్వహణ భారత్‌ది, బ్యారేజీ ఉన్న నేల నేపాల్‌ది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర గట్టు తెగింది, బీహార్‌లో లక్షలమంది ఇళ్లు వదిలారు. అప్పటి ప్రవాహం బ్యారేజీ సామర్థ్యం కంటే చాలా తక్కువే! అక్కడ కావాల్సింది లెక్కలు కాదు, వానలకు ముందే రెండు వైపుల ఇంజనీర్లు కలిసి గట్టు చూసి, మరమ్మతు చేయించడం.