డాక్టర్ సలహా: సూది గుచ్చితే ఎముక క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా రాట్‌వైలర్‌కు ఎనిమిదేళ్లు. నెల రోజులుగా ముందు కుడికాలు కుంటుతోంది. మణికట్టుకు కాస్త పైన గట్టిగా వాచింది. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ఎముక క్యాన్సర్‌లా ఉందని, సూదితో కణాలు తీసి చూడాలని అన్నారు. సూది పెడితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మా మామగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: పరీక్ష చేయించండమ్మా. పెద్ద జాతి కుక్కల్లో, సరిగ్గా మీరు చెప్పిన చోటే ఎక్కువగా వచ్చేది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. అదే అయితే, కంటికి కనిపించనంత చిన్న కణాలు చాలావరకు ఈపాటికే ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. అందుకు సూదిని తప్పుపట్టి లాభం లేదు.

గట్టి ఎముకలోకి సూది ఎలా దిగుతుందని అనుమానం రావచ్చు. కణితి ఎముక పైపొరను తినేసిన చోటును అల్ట్రాసౌండ్‌లో చూసి, కొద్దిగా మత్తిచ్చి, మామూలు ఇంజెక్షన్ సూదినే అక్కడికి పంపుతారు. వచ్చిన నాలుగు చుక్కలను స్లైడ్ల మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఒక్కోటి ఒక్కో సైజులో ఉండి, కేంద్రకం ఓ పక్కకు ఒరిగిన కణాలు, వాటి మధ్య గులాబీ రంగు పదార్థం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. రెండు స్లైడ్లు రంగు వేయకుండా ఉంచమని అడగండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మరో రంగు పరీక్షకు పనికొస్తాయి. కణాలు క్యాన్సర్‌వే అని తేలాక, అవి ఎముక కణాల నుంచి పుట్టినవా కాదా అన్నది దాంతో తెలుస్తుంది. అయితే విరిగి అతుక్కుంటున్న ఎముకలోని మంచి కణాలూ ఆ రంగు పట్టుకుంటాయి కాబట్టి అదొక్కటే చూసి క్యాన్సర్ అనకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రిపోర్టులో ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతారు. సూదికి రక్తం తప్ప ఏమీ అందకపోయినా అలాగే వస్తుంది! ఎక్స్‌రే ఒకటి చెప్పి, కణాలు మరొకటి చెబితే మళ్లీ తీయించాలి, లేదా లావు సూదితో ఎముక ముక్క తీసి బయాప్సీకి పంపాలి. దాని ఫలితం ఆలస్యంగా వస్తుంది, బలహీనపడిన ఎముక విరిగే ప్రమాదమూ కొంత ఉంది. అందుకే ముందు సన్న సూది.

ఎముకకు పట్టే ఫంగస్ కూడా ఎక్స్‌రేలో ఇలాగే కనిపించగలదు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చూసి కాలు తీయించడానికి ఒప్పుకోకండి. ఛాతీ ఎక్స్‌రే మాత్రం ఇప్పుడే మూడు కోణాల్లో తీయించండి. మీ దగ్గర వసతి లేకపోతే హెబ్బాళలోని పశువైద్య కళాశాలలో అడిగి చూడండి.

ఈలోగా వాపు మీద నూనె రాసి మర్దన చేయవద్దు, మెట్లు ఎక్కనివ్వవద్దు. నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ వేస్తారేమో, కుక్కలకు అది కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. నొప్పి మందు మీ డాక్టర్ బరువు చూసి రాసిందే ఇవ్వండి.