అన్నం తగ్గించావు సరే, నడక మాటేమిటి?

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అన్నం బాగా తగ్గించావనీ, బరువు దిగుతోందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ "తిండితోనే తగ్గుతాను, వ్యాయామం నా వల్ల కాదు" అన్నావట. అది నాకు నచ్చలేదు. గుండె జబ్బుల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసినదాన్ని కనుక, నీ బరువు కంటే నీ రక్తనాళాల గురించే నా దిగులు.

రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే పలుచని పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తే నాళం వదులై రక్తానికి దారి ఇస్తుంది. ఈ సంగతి తేల్చినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. పొట్ట దగ్గర కొవ్వు పేరుకుని ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఆ పొర మందగిస్తుంది. నీ వయసులోనే, ఏ నొప్పీ తెలియకుండానే ఇది మొదలుకావచ్చు. అన్నం, చక్కెర తగ్గిస్తే ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) దిగుతాయి. నడక చేసే మేలు వేరు. చురుగ్గా నడిచినప్పుడు రక్తం వేగంగా పారుతూ నాళపు గోడను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే బరువు పెద్దగా తగ్గకపోయినా నడిచేవాళ్ల నాళాలు మెరుగుపడతాయి.

ఇక తిండి. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రోజు మొత్తంలో పిండిపదార్థం 130 గ్రాములు దాటకపోతే చాలు, అన్నాన్ని పూర్తిగా మానేయనక్కరలేదు. పొద్దున ఉప్మా లేకుండా పెసరట్టు, లేదా గుడ్లు. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, దానికి రెండింతల కూర, పప్పు. రాత్రి చేపో కోడికూరో పనీరో, ఆకుకూరతో. కొర్రలు, జొన్నల్లో పీచు ఎక్కువే గానీ పిండిపదార్థం తక్కువేమీ కాదు, వాటినీ లెక్కలో వేసుకో. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: అన్నం తగ్గించాం కదా అని నెయ్యి, వెన్న, కొబ్బరినూనె గరిటెలతో పోసుకోకు. కొందరికి ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. రక్తనాళాల కోసం మొదలుపెట్టిన పని వాటికే చేటు కాకూడదు.

మోకాళ్ల మీద భారం ఉంది కనుక ప్రతి భోజనం తర్వాత పది నిమిషాల నడకతో మొదలుపెట్టు. అలా నడిస్తే తిన్నాక పెరిగే చక్కెర కూడా అదుపులో ఉంటుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. మెల్లగా వారానికి 150 నిమిషాలకు చేరుకో. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం చేయి. తిండి తగ్గినప్పుడు కండ కరగకుండా అవి కాపాడతాయి.

మొదటి వారాల్లో ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. తల తిరిగితే ఆ రోజు నడక ఆపు, ఉప్పు వేసిన మజ్జిగ తాగు. త్వరగా తగ్గిన ఆ తొలి కిలోల్లో చాలావరకు నీరే, కాబట్టి తర్వాత వేగం మందగించిందని నీరసపడకు. మధుమేహానికో రక్తపోటుకో మందులు వాడుతుంటే మాత్రం డాక్టరును అడగకుండా ఇవేవీ చేయకు, మోతాదు మార్చాల్సి రావచ్చు. గర్భం వస్తే ఈ తిండి నియమం ఆపేయాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నవాళ్లకు బరువు తగ్గుతుంటే నెలసరి గాడిన పడి అనుకోకుండా గర్భం రావచ్చు, అది కూడా గుర్తుంచుకో.

నడుము కొలత నెలకోసారి రాసిపెట్టు. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఈ వారమే రక్తపోటు, లిపిడ్ (రక్తంలో కొవ్వులు), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర) పరీక్షలు చేయించు, మూడు నెలలకు మళ్లీ చేయించు. రిపోర్టులు నాకు పంపు. ఎల్‌డీఎల్ పెరిగి ఉంటే వంటనూనె దగ్గర నుంచి ఏమేం మార్చాలో చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ