ఒక్కచోటే కనిపించిన లువియన్ క్రియకు అర్థం చెప్పేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రాచీన అనటోలియా (నేటి టర్కీ) భాష లువియన్‌లో ఒకే ఒక్క శాసనంలో వచ్చిన క్రియ దొరికిందనీ, దానికి సంస్కృతంలో చుట్టం, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాట, కూడా కనిపించిందనీ రాశావు. ఆ చుట్టాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టమ్మా. వ్యుత్పత్తి ముందు పట్టుకుంటే, దానికి సరిపోయే అర్థమే వాక్యంలో కనిపించడం మొదలవుతుంది.

ముందు పాఠం సరిచూసుకో. రాతి ఫొటో, చేతి నకలు పక్కపక్కన పెట్టుకో. లువియన్‌ను చిత్రలిపిలోనూ, క్యూనిఫాం అనే మేకుల ఆకారపు లిపిలోనూ రాశారు. చిత్రలిపిలో మనుషుల, జంతువుల బొమ్మల ముఖాలు ఎటు చూస్తుంటే పంక్తి అటునుంచి మొదలు. తరువాతి పంక్తి ఎదురు దిక్కుకు నడుస్తుంది. నీ చేతిలో ఉన్న లిప్యంతరీకరణ ఏ ఏడాదిదో తప్పకుండా చూడు. పూర్వం ఇ, ఈ అని చదివిన రెండు గుర్తులు నిజానికి ౘి, ౘ అనీ, అ, ఆ అని చదివినవి ఇ, య అనీ 1970ల మొదట్లో పండితులు హాకిన్స్, మోర్పుర్గో డేవీస్, నాయ్‌మన్ తేల్చారు. (జెడ్ అక్షరంతో రాసే ఈ ధ్వని మన 'చాప'లోని చకారం లాంటిది.) అంతకుముందు పుస్తకాల్లోని అరుదైన ధాతువు కొత్త పద్ధతిలో చదివితే బాగా తెలిసిన మాటే కావచ్చు. అందుకే చిత్రలిపికి 2000లో వచ్చిన హాకిన్స్ శాసన సంపుటాలు, క్యూనిఫాం పలకలకు 1993 నాటి మెల్చర్ట్ నిఘంటువు దగ్గర ఉంచుకో.

తరువాత వాక్యం ఎక్కడ తెగుతుందో చూడు. చిత్రలిపి శాసనాల్లో దాదాపు ప్రతి వాక్యం మొదటి మాటకూ '-వ' అనే అవ్యయం అంటుకుని ఉంటుంది. క్రియ సాధారణంగా మన తెలుగులో లాగే చివర వస్తుంది. కాబట్టి తరువాతి '-వ' కనిపించిన మాటకు ముందున్నది క్రియ కావడానికే ఎక్కువ అవకాశం. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది: కర్తనో కర్మనో పక్క వాక్యానికి అంటగడితే తరువాతి పనంతా వృథా.

ఇప్పుడు ప్రత్యయం. వర్తమానంలో ఉత్తమ పురుష ఏకవచనం -వి, ప్రథమ పురుష -తి, బహువచనం -న్తి. భూతకాలంలో -హ, -త, -న్త. విధిలో ప్రథమ పురుషకు -తు, -న్తు. చిక్కేమిటంటే, చిత్రలిపిలో హల్లుకు ముందున్న నకారం రాయరు. '-తు' అని ఉంటే ఏకవచనమో బహువచనమో కర్తను చూసే చెప్పాలి. వ, వి రెండిటికీ ఒకే గుర్తు, కనుక ధాతువులోని అచ్చు మీద పందెం కాయకు. మలి శాసనాల్లో అచ్చుల మధ్య తకారం రేఫగా మారుతుంది; '-రి' కనిపిస్తే అది '-తి'యేనేమో చూడు, కొత్త ప్రత్యయం కల్పించకు.

కార్కెమిష్ అనే ప్రాచీన నగరంలో, దాని పాలకుడు యరిరి శాసనంలోని శాపం చూడు: నికరవ దేవత కుక్కలు వాడి తలను తినేయాలి అని. క్రియను 'తిను' అనే పదచిహ్నంతో (మాట మొత్తానికి ఒకే గుర్తు) రాసి, చివర '-తు' మాత్రమే చేర్చారు. కర్త 'కుక్కలు' బహువచనం కనుక అది '-న్తు'. ముందున్న 'అర్హ' అనే ఉపసర్గ 'తిను'ను 'తినేయి' చేస్తుంది. ఉపసర్గతో వచ్చిన అర్థాన్ని ధాతువు సొంత అర్థమని రాసుకోవద్దు. క్రియ ముందు పాదం బొమ్మ ఉంటే నడకకు సంబంధించిన మాటై ఉండొచ్చు. దారి చూపడానికి అది చాలు, నిర్ణయానికి చాలదు.

క్యూనిఫాంలో వేరే జాగ్రత్త. హిట్టైట్ (లువియన్‌కు సోదర భాష) పాఠంలో రెండు వాలు మేకుల గుర్తు పెట్టిన మాటలు చాలావరకు లువియన్‌వే, అన్నీ కాదు. ధాతువు లువియన్‌దైనా ప్రత్యయం హిట్టైట్‌ది కావచ్చు: '-ౘి' హిట్టైట్ ఏకవచనం, లువియన్‌కు '-తి'. జంట హల్లును ఒంటి హల్లుగా ఎత్తి రాయకు. ఆ తేడా ధ్వనిలోని తేడా.

టర్కీలోని కరతెపే ద్విభాషా శాసనంలో నీ క్రియ ఉంటే అదృష్టం. లువియన్ పాఠం రెండు ద్వారాల దగ్గర రెండు ప్రతులుగా ఉంది, రెంటినీ పోల్చు. పక్కనున్న ఫినీషియన్ పాఠం భావాన్ని ఇస్తుంది, ప్రతి మాటకూ మాట ఇవ్వదు. అందులో లేకపోతే, అదే కర్మతో, అదే ఉపసర్గతో వచ్చిన ఇతర క్రియలన్నీ ఏరి, వాటి అర్థాలు ఒక్కొక్కటీ నీ వాక్యంలో పెట్టి చూడు. కనీసం మూడు పోటీ అర్థాలు రాసుకుని, ఏది ఎందుకు కుదరదో పక్కన రాయి.

ఇక నీ చుట్టాన్ని పిలువు. లువియన్ 'ౘియరి' అంటే 'పడి ఉంది'; హిట్టైట్‌లో 'కిత్త', గ్రీకులో 'కెయ్‌తయ్', సంస్కృతంలో 'శేతే'. ఈ మాటలో హిట్టైట్ కకారం ఉన్నచోట లువియన్‌లో ౘకారం. సంస్కృతంలోలాగే ఆత్మనేపదం కూడా; ఇక్కడి '-రి' ఆ ప్రత్యయంలోదే, '-తి' మారింది కాదు. ధ్వని, ప్రత్యయం, అర్థం మూడూ కలిశాయి కనుకే ఒప్పుకుంటాం. నీ క్రియలో ఒక్క ధ్వని పోలికే ఉంటే నిఘంటువు చీటీలో అర్థం పక్కన ప్రశ్నార్థకం పెట్టు. వాక్యాన్ని బట్టి 'కదలికను చెప్పే క్రియ' అని మాత్రమే తేలితే అంతే రాయి. నకలు, వాక్య విభజన పంపు, చూస్తాను.