బోర్డు చూడకుండా ఆడటం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

బోర్డు చూడకుండా చదరంగం ఆడటం సాధన చేయాలనుందని రాశావు, సంతోషం. అది దేనికో ముందు తెలుసుకో. మూడు ఎత్తుల తర్వాత ఏమవుతుందో లెక్కేసేటప్పుడు ఆ స్థితి నీ మనసులోనే ఉంటుంది. ఎదురుగా కనిపించే పావులు దాన్ని చెరిపేస్తుంటాయి కూడా. అది చెరగకుండా పట్టుకోవడానికే ఈ సాధన. అష్టావధానాల్లో చదరంగం ఒక అంశంగా ఉండేది. అవధాని సమస్యలు పూరిస్తూనే ఎత్తులు చెప్పేవారు. అక్కడ పనిచేసేది ధారణే. ఆల్‌ఫ్రెడ్ బినే అనే ఫ్రెంచి మనస్తత్వవేత్త 1890ల్లో ఇలా ఆడేవాళ్లను పరిశీలిస్తే, గట్టి ఆటగాళ్లలో చాలామందికి పావుల రంగూ రూపమూ స్పష్టంగా కనబడవని తేలింది. ఏ పావు ఎక్కడికి వెళ్లగలదో, దేన్ని బెదిరిస్తోందో వాళ్లకు తెలుసు, అంతే. కళ్లు మూయగానే బోర్డు ఫోటోలా కనిపించలేదని దిగులు పడకు.

మొదట గడుల రంగులు పట్టు. ఏ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలకు 1 నుంచి 8 అంకెలిచ్చి, అడ్డ వరుస అంకె కలుపు. సరిసంఖ్య వస్తే నల్ల గడి, బేసి వస్తే తెల్ల గడి. ఏ1 అంటే 2, నలుపు. ఈ4 అంటే 9, తెలుపు. రోజుకు పది నిమిషాలు చాలు. కూడకుండానే జవాబు నోటికి వచ్చేదాకా ముందుకు పోకు.

తర్వాత ఐమూల గీతలు. సీ4లో ఐమూలగా కదిలే పావు బిషప్ ఉంటే ఒక గీత ఏ2, బీ3, డీ5, ఈ6, ఎఫ్7, జీ8. రెండోది ఎఫ్1, ఈ2, డీ3, బీ5, ఏ6. పైకి అను. గుర్రం దూకిన ప్రతిసారీ గడి రంగు మారుతుంది, అది నీకు పెద్ద ఆసరా. ఏ1 నుంచి హెచ్8కి ఆరు దూకుళ్లు: బీ3, సీ5, డీ7, ఎఫ్8, జీ6, హెచ్8. పక్కనే ఉన్న బీ2కి మాత్రం నాలుగు పడతాయి. ఆ దారి నువ్వే వెతుకు.

ఆపైన రాజు, ఏనుగుతో ఒంటరి రాజుకు ఆటకట్టు చెయ్యి.

పూర్తి ఆటలో ఎక్కువమంది తప్పేది పావుల మార్పిడి జరిగిన చోట. ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో ఒకటైన స్పానిష్ ఓపెనింగ్ తీసుకో. తెల్ల బంటు ఈ4, నల్ల బంటు ఈ5. గుర్రం ఎఫ్3, గుర్రం సీ6. బిషప్ బీ5, బంటు ఏ6. బిషప్ సీ6 గుర్రాన్ని కొట్టింది, డీ7 బంటు ఆ బిషప్‌ను కొట్టింది. ఇప్పుడు తెల్ల గుర్రం ఈ5 బంటును కొడితే? ఉత్త పుణ్యానికి బంటు దొరికినట్టే ఉంటుంది. కానీ నల్ల మంత్రి డీ4కి వచ్చి ఈ5 గుర్రాన్నీ ఈ4 బంటునూ ఒకేసారి బెదిరిస్తుంది, పోయిన బంటు తిరిగొస్తుంది. ఇది నీకు తట్టలేదంటే, నీ మనసులో డీ7 బంటు ఇంకా కదల్లేదని అర్థం. బంటు కొట్టి చేరిన గడి గుర్తుంటుంది, అది ఖాళీ చేసిన దారి గుర్తుండదు. అందుకే ప్రతి మార్పిడి తర్వాత ఆగు. ఏ నుంచి హెచ్ దాకా రెండు వైపుల బంట్లూ ఎక్కడున్నాయో చెప్పు, తెరుచుకున్న వరుస పేరు చెప్పు, చివర పావులు లెక్కపెట్టు. మొదట్లో నిమిషం పైనే పడుతుంది, పట్టనీ. ఎప్పుడో ఒక్క గడి జరిపిన హెచ్3 లాంటి బంటూ, బీ7లో కూర్చుని జీ2 మీద కన్నేసిన బిషప్పూ కూడా తరచు మరుపున పడతాయి.

ఖాళీ బోర్డు చూస్తూ మొదలుపెట్టు, అలవాటయ్యాక అదీ తీసెయ్. లిచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో పావులు కనబడకుండా చేసే ఏర్పాటు ఉంది. పదో ఎత్తు దగ్గర ఆపి, మనసులో ఉన్న స్థితిని నిజం బోర్డు మీద పేర్చి సరిచూడు. తప్పు పడిన పావు ఏ ఎత్తు దగ్గర జారిపోయిందో రాసుకో. తప్పుల్లేకుండా వరుసగా మూడుసార్లు వస్తేనే పదిహేనుకు వెళ్లు. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున చాలు. పడుకోబోయే ముందు మాత్రం వద్దు, ఎత్తులు తలలో తిరుగుతూనే ఉంటాయి. 2016లో తైమూర్ గరేయెవ్ అనే గ్రాండ్‌మాస్టర్ లాస్ వెగాస్‌లో ఒకేసారి 48 బోర్డులు ఇలా ఆడాడు. అది ప్రదర్శన. నీ ఆట మెరుగుపడటానికి ఒక్క బోర్డు చాలు.

ఏ1 నుంచి బీ2కి దారి దొరికాక బోర్డు ముట్టకుండా రాసి పంపు.