ఐర్లాండ్‌లో మీ అత్తగారి ముత్తాత ఊరు వెతకాలంటే

అమ్మలూ,

ఐర్లాండ్ నుంచి అమెరికా వలస వచ్చిన మీ అత్తగారి ముత్తాత అక్కడ ఏ ఊళ్లో పుట్టాడో కనుక్కుంటానని ఆవిడకి మాటిచ్చావని విని చాలా సంతోషమేసింది. ఇక్కడి లైబ్రరీలో ఇలాంటివాళ్లకి ఏళ్ల తరబడి సాయం చేసినదాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ఐర్లాండ్ రికార్డులు అప్పుడే తెరవకు. ఊరి పేరు ముందు అమెరికాలోనే దొరకాలి. అది లేకుండా వెళ్తే ఒక్క మర్ఫీ అనే ఇంటిపేరుకే వందల కుటుంబాలు కనిపిస్తాయి.

అమెరికా సెన్సస్‌లో, అంటే జనాభా లెక్కల్లో, పుట్టిన చోటు దగ్గర చాలాసార్లు ఐర్లాండ్ అని రాసి ఊరుకుంటారు. అయినా 1900 సెన్సస్ తియ్యి, అందులో పుట్టిన నెల, వలస వచ్చిన సంవత్సరం ఉంటాయి. తర్వాత ఆయన ఒక్కడినే పట్టుకుని కూర్చోకుండా అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని, పక్కింటివాళ్లని కూడా వెతుకు, ఎందుకంటే ఒక ఊరివాళ్లు ఒకే వీధిలో చేరడం మామూలే, ఆయన కాగితాల్లో లేని ఊరి పేరు చెల్లెలి పెళ్లి రాసిన చర్చి రిజిస్టర్‌లోనో తమ్ముడి సమాధి రాయి మీదో ఉండొచ్చు. బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 దాకా ఆచూకీ తెలియని బంధువుల కోసం ప్రకటనలు వచ్చేవి, వాటిలో కౌంటీ (మన జిల్లా లాంటిది), పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పేర్లు రాసేవాళ్లు. అవి తప్పకుండా చూడు.

ఇక ఐర్లాండ్ సంగతి. 1821 నుంచి 1851 వరకు జరిగిన సెన్సస్ కాగితాలు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాలు తగలబడినప్పుడు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. 1861, 1871 కాగితాలు అంతకుముందే ప్రభుత్వం నాశనం చేసింది, 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుజ్జు చేశారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ కాలంలో పూర్తిగా మిగిలినవి 1901, 1911వి. ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం.

వాటిలోనూ ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లకి పుట్టిన చోటు అంటే మామూలుగా కౌంటీ పేరే. కానీ ఆ ఇల్లు ఏ టౌన్‌లాండ్‌లో ఉందో ఉంటుంది, టౌన్‌లాండ్ అంటే పారిష్‌లో ఓ చిన్న భాగం, కొన్ని పొలాలంత కూడా ఉండొచ్చు. ఆయన అమెరికా వచ్చేశాక అన్నయ్య ఎవరైనా పొలం చూసుకుంటూ అక్కడే ఉండిపోతే అదే మనకి కావాల్సిన చోటు కావచ్చు. వయసులు కలవలేదని కంగారుపడి ఎవర్నీ తీసెయ్యకు. 1909లో డెబ్భై దాటినవాళ్లకి పింఛను మొదలైంది, అందుకే 1901కీ 1911కీ మధ్య పదేళ్ల కంటే చాలా ఎక్కువ పెరిగినవాళ్లు కనిపిస్తారు. ఆ పింఛను కోసమే చాలామంది 1841, 1851 సెన్సస్‌లో తమ వయసు వెతికించుకున్నారు, ఆ దరఖాస్తులు మిగిలాయి, వాటిలో తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌లాండ్ ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితాలు అవే.

టౌన్‌లాండ్ దొరికాక గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో ఆ ఇంటిపేరు ఉందేమో చూసుకో, అది పన్ను కోసం భూములకి, ఇళ్లకి విలువ కట్టిన జాబితా, 1847, 1864 మధ్య జరిగింది. ఇంటిపేరు ముందు వచ్చే 'ఓ', 'మ్యాక్' లాంటి ముక్కలు ఒకచోట ఉండి ఇంకోచోట ఉండకపోవచ్చు, రెండు రకాలుగానూ వెతుకు. వాళ్లు కాథలిక్కులైతే ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో 1880 దాకా పారిష్ రిజిస్టర్లు కూడా ఉచితమే. బాప్తిస్మం దొరికితే తల్లిదండ్రులతో పాటు సాక్షుల పేర్లు కూడా రాసుకో. వాళ్లలో ఒక్కరి ఇంటిపేరైనా అమెరికాలో ఆ వీధిలో కనిపిస్తే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ