మటన్ అంగట్లో కంప్యూటరుకు పనేంటి?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. నాన్నకు మటన్, చికెన్ అంగడి ఉంది. యాప్ పెట్టి దాన్ని పెద్దది చేయాలని నా ఆశ. నాన్నేమో బెంగళూరు పోయి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: యాప్ సంగతి ఇప్పుడే వద్దు నాయనా. శనివారం రాత్రి ఆర్డర్లు తీసుకోవడానికి వాట్సాప్ చాలు. ముందు లెక్క చూడు.

20 కిలోల పొట్టేలును కోస్తే చేతికొచ్చే మాంసం ఇంచుమించు 9, 10 కిలోలు. తలకాయ, కాళ్లు, బోటీ విడిగా పోతాయి. సాయంత్రానికి గల్లాపెట్టెలో ఎంతుందో మీ నాన్న ఠక్కున చెబుతారు. ఏ జీవం మీద ఎంత మిగిలిందో అడిగి చూడు! తొడ, చాప్స్, కీమా, బోటీ... ఒక్కోదానికి ఒక కోడ్ ఇచ్చి, కొన్న బరువు పక్కనే అమ్మిన బరువు ఎక్కించు. కొసరుగా ఎంత పోతోంది, వేలాడదీసిన మాంసం ఆరిపోయి ఎంత తగ్గుతోంది, ఎవరూ అడగని కొవ్వు ఎంత మిగులుతోంది అన్నీ బయటపడతాయి. నీ బీకాం అక్కరకొచ్చేది ఇక్కడే. బిల్లు, లేబుల్ కొట్టే కాటా ఉంటే ఈ లెక్క దానంతటదే పడుతుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించడం మాత్రం మరవొద్దు.

ఇంకోటి, మన పక్క అమ్మకాలు ఇంగ్లీషు నెలల్ని బట్టి నడవవు. తమిళుల పెరటాసి నెలలో శనివారాలు, కార్తీకం వస్తే బేరం పడిపోతుంది. కనుమ నాడు నిలబడ్డానికి చోటుండదు. రెండేళ్ల అమ్మకాలు పండగలతో కలిపి రాసుకుంటే ఎన్ని జీవాలు కొనాలో ముందే తెలుస్తుంది. బయట దొరికే సాఫ్ట్‌వేర్‌కు పెరటాసి ఏం తెలుసు?

జనం కళ్లెదుట కోసిందే కొంటారు, ఫ్రిజ్‌లోదంటే మొహం తిప్పుకుంటారు. నిజమే. కానీ మిగిలింది చెడకుండా ఉండాలన్నా, హోటళ్ల ఆర్డర్లు పట్టాలన్నా చల్లదనం తప్పదు. చల్లబరిచిన మాంసం 0 నుంచి 4 డిగ్రీల్లో, గడ్డకట్టించింది మైనస్ 18లో ఉండాలి. రాత్రి కరెంటు పోయి డిగ్రీలు పెరిగితే ఫోనుకు కబురు పంపే థర్మామీటర్లు ఉన్నాయి. నన్నడిగితే యాప్ కంటే ముందు అదే కొనాలి.

ఇక చదువు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు ఆహారం శుభ్రంగా, భద్రంగా ఉంచడం మీద ఇప్పించే ఫోస్టాక్ శిక్షణ తీసుకో. హైదరాబాద్ చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తుంది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో పశు ఉత్పత్తుల సాంకేతిక విభాగం ఉంది, ఒకసారి పోయి కనుక్కో.

మీ నాన్న చెప్పే బెంగళూరునూ కొట్టిపారేయను. ఆన్‌లైన్‌లో మాంసం అమ్మే లిషియస్ కంపెనీ 2015లో పుట్టింది అక్కడే. అలాంటి కంపెనీలో స్టాకు, క్వాలిటీ విభాగాల్లో రెండేళ్లు పనిచేస్తే జీతంతో పాటు విద్యా వస్తుంది. పోయేలోపు ఆదివారాలు కత్తి పట్టడం నేర్చుకో. కోత తెలియని యజమాని మాట పనివాళ్లు వినరు.

ముందు ఒక నెల లెక్క ఎక్సెల్‌లో వేసి మీ నాన్న ముందు పెట్టు. ఆయన దాంట్లో తప్పులు పట్టడం మొదలుపెట్టాక, కొత్త కాటా మాట ఎత్తు.